నాన్నగారి పద్మిని

మనిషికి తన వాహనంతో ఏర్పడే అనుబంధం విచిత్రమైనది. ఎడ్లబండి కాలంలో రైతు తన ఎడ్లను పేర్లు పెట్టి పిలిచేవాడు. వాటి మెడలో గంటలు కట్టి, పండుగనాడు కొమ్ములకు రంగులు వేసి మురిసిపోయేవాడు. కృష్ణా డెల్టాలో నేటికీ సంక్రాంతి రోజులలో ఒంగోలు జాతి ఎడ్లకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఏడాది పొడవునా మేపి, సాకి పెంచిన ఎద్దును ఆ కొద్ది నిమిషాల పరీక్షకు నిలబెట్టే రైతు ముఖంలో కనిపించే ఆనందం, ఆందోళన బయటివారికి సులభంగా అర్థం కావు. నాకు మాత్రం అర్థమవుతాయి. నా దగ్గర ఎడ్లు లేవు. మా నాన్నగారు వదిలి వెళ్లిన ఒక పాత కారు ఉంది.

నేను విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేశారు. 1986లో ఆయన మీగడ రంగు ప్రీమియర్ పద్మిని కారు ఒకటి కొన్నారు. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాను ఆధారం చేసుకొని బొంబాయి నగరంలోని కుర్లా కర్మాగారంలో తయారైన కారు అది. చిత్తోడ్ రాణి పద్మిని పేరును దానికి పెట్టారు. ఆ రోజులలో మన రోడ్ల మీద కనిపించే కార్లు ప్రధానంగా రెండే. ఒకటి అంబాసిడర్, రెండవది ఈ పద్మిని. మారుతి 800 అప్పుడప్పుడే వస్తున్నది. పద్మిని ఇంజను సామర్థ్యం 1089 ఘనపు సెంటీమీటర్లు. శక్తి 40 అశ్వసామర్థ్యానికి అటూ ఇటూగా ఉంటుంది. నేటి చిన్న కార్లు కూడా దానిని సునాయాసంగా దాటిపోతాయి. అయినా మా ఇంట్లో దానిని ఎవరూ కారు అనేవారు కాదు. "పద్మిని వచ్చిందా?", "పద్మినికి నీళ్లు పోశారా?" అనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు అది మా ఇంటి ఆడపడుచు పేరనుకొనేవారు.

నాకు 18 ఏళ్లు నిండిన తరువాత నాన్నగారు బందరు కాలువ గట్టు మీద నాకు డ్రైవింగు నేర్పారు. ఒకవైపు కాలువ, మరొకవైపు వరిచేలు. వాన కురిస్తే ఆ నల్లరేగడి మట్టి సబ్బులా జారేది. మొదటి రోజున నేను ఉత్సాహంగా తాళంచెవి తిప్పబోతే ఆయన నా చేయి పట్టుకొని ఆపారు.

"ముందు బ్రేకు తొక్కి చూడమ్మా. ఎంతవరకు దిగుతున్నదో పాదంతో గుర్తుపెట్టుకో. ఆగగలదని తెలిసిన తరువాతనే బండిని కదిలించాలి" అన్నారు.

ఆ మాటను నేను పాటించాననడం కంటే, అది నా పాదానికి అలవాటైపోయిందనడం సబబు. ఇప్పటికీ ఏ వాహనం ఎక్కినా తాళంచెవి కంటే ముందు నా కాలు బ్రేకును వెతుకుతుంది. నాన్నగారు కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచేవారు. ఆయిలు ఎప్పుడు మార్చారో, టైర్లు ఎప్పుడు వేయించారో, పాయింట్లు ఎప్పుడు శుభ్రం చేశారో అన్నీ తేదీలతో అందులో రాసుకొనేవారు. ఆయన కాలధర్మం చెందిన తరువాత ఆ పుస్తకాన్ని నేను కొనసాగించాను. 15 ఏళ్లు దాటిన సొంత వాహనానికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ పని మీద వెళ్లినప్పుడల్లా బంధువులు, "ఇంకా ఈ ఇనుపసామాను ఎందుకమ్మా?" అని అడిగేవారు. నేను నవ్వి ఊరుకొనేదాన్ని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ ఉదయాన్ని విజయవాడ వాసులు మరచిపోలేరు. అంతకుముందు కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు పొంగి, గట్లకు గండ్లు పడ్డాయి. కృష్ణానది కూడా ఉప్పొంగి మరునాటికి ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని పెద్దలు ఎందుకు అనేవారో మా సింగ్‌నగర్‌కు ఆ రోజున తెలిసింది. మేము కట్టుబట్టలతో మేడ మీదికి చేరుకున్నాము. నీరు మెట్లెక్కుతుండగా కింద వాకిట్లో ఉన్న పద్మిని చక్రాలు మునిగాయి. తరువాత తలుపులు మునిగాయి. సాయంత్రానికి పైకప్పు ఒక్కటే మీగడ రంగు పలకలా నీటిమీద కనిపించింది. చుట్టుపక్కల మనుషుల ప్రాణాలే గాలిలో దీపాలై ఉన్న వేళ ఒక కారు కోసం బాధపడడం తప్పని తెలిసీ, నేను ఆ పలకవైపు చూడకుండా ఉండలేకపోయాను.

నీరు తీసిన తరువాత మా వీధి అంతా బురద. బురదలో వరుసగా నిలిచిపోయిన వాహనాలు. నేటి కార్లలో ఇంజనును నడిపించేది ఒక చిన్న కంప్యూటరు. అది, దానికి అనుబంధంగా ఉండే తీగలు, పరికరాలు నీట మునిగితే మరమ్మతు ఖర్చు ఒక్కొక్కప్పుడు కారు విలువను మించిపోతుంది. అందువల్ల మా వీధిలో కొత్త కార్లు కొన్ని మరమ్మతుకు కూడా నోచుకోకుండానే క్రేన్ల మీద వెళ్లిపోయాయి. మా పద్మినిలో కంప్యూటరు లేదు. అందులోని ప్రతి భాగాన్నీ మరతో బిగించారు. మరతో బిగించినదానిని పానాతో విప్పవచ్చు. ఈ ఒక్క ఆశతో నేను ఆటోనగర్‌కు బయలుదేరాను.

విజయవాడ ఆటోనగర్ గురించి విద్యార్థులు తెలుసుకోవలసింది ఎంతో ఉంది. మద్రాసు, కలకత్తాలను కలిపే జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారి మన నగరంలోనే కలుస్తాయి. కూడలిలో లారీలు ఆగుతాయి. లారీలు ఆగిన చోట వాటిని బాగుచేసే చేతులు పుట్టుకొస్తాయి. ఆ చేతులన్నింటికీ ఒక చోటు ఉండాలన్న ఆలోచనతో 1966లో జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. లారీలకు బాడీలు కట్టే వడ్రంగులు, స్ప్రింగు పట్టీలకు పదును పెట్టే కమ్మరులు, లేతు మిషను మీద ఇనుమును వెంట్రుకవాసి మందాన చెక్కే పనివారు, టింకరింగు చేసేవారు, రంగులు వేసేవారు, పాత సామాను అమ్మేవారు అక్కడ పక్కపక్కనే ఉంటారు. ఒక షెడ్డులో దొరకని భాగం పది అడుగుల అవతల మరొక షెడ్డులో దొరుకుతుంది. ఎక్కడా దొరకనిది లేతు మీద తయారవుతుంది.

నాన్నగారి రోజుల నుంచి మా కారును చూస్తున్న మేస్త్రీ గారి షెడ్డు అక్కడే ఉంది. ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయన వయసు 14 ఏళ్లు. ఆ ఉప్పెనలో ఇల్లు, ఇంటివాళ్లు పోయి, ఒక్కడుగా బెజవాడ చేరి, ఆటోనగర్‌లో పానాలు అందించే కుర్రవాడుగా కుదురుకున్నారు. ఈ సంగతి నాన్నగారు చెప్పగా విన్నానే తప్ప, ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆ రోజున మాత్రం బురదతో నిండిన కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి చూసి, ఒకే ఒక్క మాట అన్నారు.

"ఉప్పునీళ్లు చూసిన వాణ్ణి అమ్మాయి గారూ! ఇవి మంచినీళ్లే. ఇనుము బతుకుతుంది."

ఆయన మొదట అడిగిన ప్రశ్న, "తాళం తిప్పారా?" అని. లేదన్నాను. "బతికించారు" అన్నారు. ఇంజను సిలిండరులో నీరు ఉన్నప్పుడు దానిని తిప్పితే పిస్టన్ పైకి వచ్చి నీటిని నొక్కుతుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, నీరు కుంచించుకుపోదు. అప్పుడు వంగేది పిస్టనును మోసే ఇనుప కడ్డీయే. తరగతి గదిలో నేను ఏటా బోధించే పాఠం, నా ఎదుట బురదలో ఉదాహరణగా నిలబడింది.

సుమారు నాలుగు నెలలు పని సాగింది. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఇంజనును చేతితో మెల్లగా తిప్పితే రంధ్రాల నుంచి మట్టినీరు చిమ్మింది. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులో దిగింది. గేరుబాక్సు, వెనుక ఇరుసు గుండు ఖాళీ చేసి, కడిగి, కొత్త నూనె పోశారు. పెట్రోలు ట్యాంకును దించి ఎండబెట్టారు. సీట్లలోని కొబ్బరిపీచు కుళ్లిపోయి వాసన వేస్తుంటే మొత్తం తీయించాము. తలుపుల లోపల అడుగున పేరుకున్న ఒండ్రును నేనే చెంచాతో తీశాను. శనివారం మధ్యాహ్నాలు, ఆదివారాలు నేను షెడ్డులోనే ఉండేదాన్ని. మొదట పానాలు అందించాను. తరువాత పానాలు పట్టాను. నా గోళ్లలో గ్రీజు చూసి కళాశాలలో విద్యార్థులు తమలో తాము నవ్వుకొనేవారు.

నాన్నగారి నోటు పుస్తకం డాష్‌బోర్డు అరలో ముద్దగా దొరికింది. ఆకులు విడదీసి ఎండబెట్టాను. సిరా కరిగిపోయి, పుటలన్నీ లేత నీలంగా మారాయి. ఒక్క తేదీ కూడా మిగలలేదు. మేస్త్రీ గారు దానిని చేతిలోకి తీసుకొని చూసి, "ఇందులో ఉన్నవన్నీ నా చేతులతో చేసినవే కదండీ" అని, గుర్తున్నవి ఒక్కొక్కటిగా చెప్పసాగారు. నేను కొత్త పుస్తకంలో రాసుకున్నాను.

సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం ఇంజను పలికింది. ఆ శబ్దం విన్నప్పుడు నేను ఏడ్చానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడను.

నా పూర్వ విద్యార్థులు కొందరికి కార్ల పందాలంటే మక్కువ. వారికి ఈ సంగతి తెలిసి ఒకనాడు వచ్చారు. నగరం వెలుపల ఖాళీగా ఉన్న ఒక మట్టి మైదానంలో, యజమాని అనుమతి తీసుకొని, మిత్రులందరూ కలిసి ఒక చిన్న పోటీ పెట్టుకుంటున్నామనీ, పాత కార్లకు వేరుగా ఒక విభాగం ఉన్నదనీ చెప్పి నన్ను ఆహ్వానించారు. ఇటువంటి ఆటకు కొంత చరిత్ర ఉంది. 1967 ఫిబ్రవరి 4న ఇంగ్లాండులోని లిడెన్ హిల్ అనే చోట, టెలివిజన్ ప్రేక్షకుల కోసం, కొంత తారుబాట, కొంత మట్టిబాట కలిసిన చిన్న వలయంలో కార్లను పరుగెత్తించారు. దానినే ర్యాలీక్రాస్ అంటారు. అందులో కొన్ని కార్లు ఒకేసారి పోటీపడతాయి. మన దేశంలో ఔత్సాహికులు ఎక్కువగా ఆడేది దాని సోదరి వంటి ఆటోక్రాస్. మట్టి మైదానంలో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కొక్క కారు ఒంటరిగా, గడియారంతో పోటీపడుతుంది. కోనును తాకితే కొన్ని సెకన్లు అదనంగా కలుపుతారు. మద్రాసు సమీపంలోని షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల బాట మీద పందాలు జరిగిన రోజులలో, మన ఫియట్లను, అంబాసిడర్లను యజమానులు తమ షెడ్లలోనే సానపట్టుకొని తీసుకువెళ్లేవారు. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా పందాల బాట వెలసింది. ఆ సంప్రదాయానికి నేనూ ఒక చిన్న కొసరు కావచ్చుననిపించింది.

మేస్త్రీ గారికి నచ్చలేదు. "ముసలి ఎద్దును బండలాగుడికి కడతారా అమ్మాయి గారూ?" అన్నారు.

"గెలవాలని కాదు మేస్త్రీ గారూ. నిజంగా బతికిందో లేదో చూడాలని" అన్నాను.

ఆయన కొంతసేపు మౌనంగా ఉండి ఒప్పుకున్నారు. లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి మందపాటి ఇనుపరేకు తెచ్చి ఇంజను అడుగున రక్షణగా బిగించారు. వెనుక స్ప్రింగు పట్టీలకు కమ్మరి వద్ద పదును పెట్టించారు. బ్యాటరీ కదలకుండా బిగింపు వేశారు. కొత్త సీటు బెల్టులు అమర్చారు. నేను హెల్మెట్ కొనుక్కున్నాను. బ్రేకుల దగ్గర ఒక చిక్కు వచ్చింది. ప్రతి చక్రం వద్దా చిన్న సిలిండరు, అందులో రబ్బరు కప్పులు ఉంటాయి. వరద నీటికి అవి పాడైనందున మూడు చక్రాలకు కొత్తవి వేశారు. నాల్గవ చక్రానికి సరిపోయేవి అప్పటికి దొరకలేదు. "మరొక పది రోజులు ఆగుదాం" అని మేస్త్రీ గారు అన్నారు. పోటీ నాలుగు రోజులలో ఉంది. "పాతవే శుభ్రం చేసి వేయండి, తరువాత మార్చుకుందాం" అని నేను పట్టుపట్టాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, ఆ పని చేశారు. కొత్త నోటు పుస్తకంలో ఆ ఒక్క సంగతి నేను రాయలేదు. రాయకపోవడంలోనే నా తప్పు నాకు తెలుసునన్న విషయం దాగి ఉంది.

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పోటీ జరిగింది. ఒక అంబులెన్సు, మంటలార్పే సాధనాలు సిద్ధంగా ఉంచారు. ప్రేక్షకులను తాడు కట్టి దూరంగా నిలబెట్టారు. ప్రతి కారుకూ మూడు పరుగులు. వాటిలో ఉత్తమమైన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మొదటి పరుగులో నేను మరీ జాగ్రత్తగా నడిపాను. 1 నిమిషం 38 సెకన్లు పట్టింది. మెత్తటి మట్టిలో చక్రానికీ నేలకూ మధ్య ఘర్షణ తక్కువ. పద్మినికి శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. మలుపులో యాక్సిలరేటరు తొక్కితే బండి తోక బయటికి జారుతుంది. అప్పుడు భయపడి బ్రేకు తొక్కితే ఇంకా జారుతుంది. జారే వైపుకే స్టీరింగును మెల్లగా తిప్పి, కాలిని తేలిక చేయాలి. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. వానలో బందరు కాలువ గట్టు నేర్పింది. రెండవ పరుగులో ఆ పాత సంగతులన్నీ చేతులలోకి వచ్చాయి. ధూళి మేఘం వెనుక ఉండిపోయింది. పద్మిని మలుపు మలుపునా ఒరిగి, లేచి, గర్జించి పరుగెత్తింది. 1 నిమిషం 27 సెకన్లు! పాత కార్లలో నాది రెండవ స్థానం. మొదటి స్థానానికీ నాకూ తేడా ఒక్క సెకను. మూడవ పరుగులో అది అందుకోదగినదేనని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మూడవ పరుగుకు గీత దగ్గర నిలబడ్డాను. జెండా పట్టుకున్న కుర్రవాడు నావైపు చూస్తున్నాడు. తాళంచెవి మీదికి చేయి వెళ్లింది. అంతకంటే ముందే, అలవాటు కొద్దీ, పాదం బ్రేకును తొక్కింది. అది దిగవలసిన దానికంటే ఒక అంగుళం ఎక్కువ దిగింది. మళ్లీ తొక్కాను. ఇంకొంచెం దిగింది.

ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ సూత్రం చెబుతుంది. బ్రేకులు పనిచేసేది దానివల్లనే. నా కారులో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టపు మార్గం. ఒక్కచోట ద్రవం కారితే నాలుగు చక్రాలలోనూ బలం పోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. అయినా ఆ క్షణంలో నా మనస్సు చేసిన వాదన వినండి: "ఇంకా కొంత బ్రేకు మిగిలే ఉంది. పరుగు ఒకటిన్నర నిమిషమే కదా. చేతి బ్రేకు ఉండనే ఉంది. నాలుగు నెలల శ్రమ ఒక్క సెకనులో ఉంది."

నేను తలెత్తి చూశాను. తాడు అవతల మేస్త్రీ గారు నిలబడి ఉన్నారు. ఆయన పక్కన ఒక తండ్రి తన పాపను భుజం మీద ఎక్కించుకొని చూస్తున్నాడు. చివరి మలుపు వారికి ఎదురుగానే ఉంది.

నేను చేయి ఎత్తి జెండా కుర్రవాడికి వద్దని సైగ చేశాను. చేతి బ్రేకు లాగి, కిందికి దిగాను.

మేస్త్రీ గారు వచ్చి ఎడమవైపు వెనుక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. చక్రం లోపలి అంచున ద్రవం చెమటలా మెరుస్తున్నది. మేము కొత్త రబ్బరు వేయని చక్రం అదే. "నేను ఒప్పుకోకుండా ఉండవలసింది" అని ఆయన అన్నారు. "అడగకుండా ఉండవలసింది నేను" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "అయ్యగారైతే బండిని ఇంటి దగ్గర నుంచే కదిలించేవారు కాదండీ" అన్నారు. ఆ మాటలో నిందలేదు. అందువల్లనే అది నన్ను ఎక్కువగా తాకింది.

ఆ రోజున మరొకరు వేగంగా పరుగెత్తడంతో నేను మూడవ స్థానానికి దిగాను. పద్మిని తన చక్రాల మీద కాక, ఒక చిన్న లారీ మీద ఎక్కి ఆటోనగర్‌కు తిరిగి వచ్చింది. దారిలో మేస్త్రీ గారు, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాము. ఆయన ఎన్నడూ లేనిది దివిసీమ గురించి మాట్లాడారు. ఉప్పెన తరువాత మొదటిసారి ఊరికి వెళ్లినప్పుడు తమ ఇంటి గుర్తుగా తనకు దొరికింది ఒక బావి గిలక మాత్రమేననీ, దానిని తెచ్చి నూనె పెట్టి షెడ్డులో ఉంచుకున్నాననీ చెప్పారు. ఇంజన్లను పైకి లేపే గొలుసు దగ్గర వేలాడుతున్న ఆ పాత గిలకను నేను ఎన్నోసార్లు చూశాను. అది ఎందుకు అక్కడ ఉన్నదో ఎన్నడూ అడగలేదు.

పది రోజుల తరువాత కొత్త రబ్బరు కప్పులు వచ్చాయి. ఈసారి నా చేతులతోనే బిగించాను. మేస్త్రీ గారు పక్కన నిలబడి చూశారు. ఆ రాత్రి నోటు పుస్తకంలో ఆ పని తేదీతో రాశాను. దానికి ముందు, ఖాళీగా వదిలిన చోట, నేను దాచిన సంగతి కూడా రాశాను.

నా విద్యార్థులలో వేగమంటే ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు. ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. అయితే ప్రజలు నడిచే రహదారి పందెపు బాట కాదు. పందెపు బాట మీద కూడా వేగం కంటే ముందు రావలసినది మరొకటి ఉంది. ఒక యంత్రాన్ని ప్రేమించడమంటే దానిని తుడిచి మెరిపించడం కాదు. అది చెప్పే నిజాన్ని, మనకు నచ్చని సమయంలో కూడా, వినడం. ఆ నిజం ఆ ఆదివారం నాకు ఒక అంగుళం లోతులో వినిపించింది. నాన్నగారి నోటు పుస్తకంలోని అక్షరాలన్నింటినీ వరద చెరిపివేసింది. నా పాదంలో ఆయన రాసిన ఒక్క వాక్యాన్ని మాత్రం చెరపలేకపోయింది.

పద్మిని ఇప్పుడు మా వాకిట్లోనే ఉంది. ఈసారి నేను రెండు అడుగుల ఎత్తున అరుగు కట్టించి, దాని మీద నిలిపాను. ఆదివారం ఉదయాలు కంకిపాడు దాకా వెళ్లి వస్తుంటాము. కాలువ పక్కన చల్లగాలిలో ఆ ముసలి ఇంజను తృప్తిగా పలుకుతుంది. బయలుదేరే ముందు బ్రేకు తొక్కి చూస్తాను. అది దిగవలసినంతే దిగుతుంది. అప్పుడు తాళంచెవి తిప్పుతాను.